ఓడలు నిద్రపోయిన ఉదయం

ముత్యాలసీమ రాజ్యానికి ఓడకోట రేవు ముఖద్వారం. ఆ రేవులో ఏడాదికి ఒక్క పూట ఓడలు నిద్రపోతాయి. నవ్వకండి, ఎవరి ఆచారం వారిది. వానకారు వెళ్ళిపోయి సముద్రం నెమ్మదించాక వచ్చే తొలి పున్నమి మరునాడు, రేవులోని నూటయాభై యుద్ధనౌకలనూ ఒడ్డుకు లాగుతారు. తెరచాపలు విప్పి మడతపెడతారు. స్తంభాలు దించుతారు. ప్రతి ఓడ ముక్కుకూ రెండు పక్కలా పెద్ద పెద్ద కళ్ళు చిత్రించి ఉంటాయి. ఆ కళ్ళ మీద పసుపు అద్దిన తడిగుడ్డ కప్పి, "పడుకో తల్లీ" అని తట్టి వస్తారు. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం వరకు రేవులో కొమ్ము ఊదరాదు, డప్పు కొట్టరాదు, గొంతెత్తి ఒకరినొకరు పిలుచుకోరాదు. నిద్ర చెడిన ఓడ ఆ ఏడు మనుషుల్ని మింగుతుందని వాళ్ళ భయం.

ఆ ఉదయం ఓడకోట సింగారం చూడవలసిందే. ఇసుకంతా తుడిచి ముగ్గులు పెట్టారు. ఓడల నడుములకు బంతిపూల దండలు చుట్టారు. నీలిచీరలు కట్టిన ఆడవాళ్ళు కాలి అందెలు తీసి కొంగున ముడివేసుకుని, గరిటెలకు గుడ్డపేలికలు చుట్టి, చప్పుడు కాకుండా పాయసాలు కలుపుతున్నారు. ఎద్దుల మెడగంటల్లో దూది కుక్కారు. వేలమంది జనం ఉన్నా అలల చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు. ఆయుధాలన్నీ కోటలోని కొట్టులో ఉన్నాయి, కొట్టుకు తాళం ఉంది, తాళంచెవి గల అధికారి పాయసం దగ్గర ఉన్నాడు.

ఇంత పండుగలోనూ ఒక్కడు మాత్రం సముద్రం మధ్యలో ఉన్నాడు. రేవుకు కోసెడు దూరంలో ఒంటిరాయి అనే నల్లటి గుట్ట ఉంది. దాని మీద పన్నెండు మూరల కంచుకొమ్ము, దాని పక్కనొక గుడిసె, గుడిసెలో మైలారు. కావలి వంతు పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ పలకరించే నాథుడు ఉండడు. మైలారు స్వతహాగా మాటకారి. చెప్పుకోవడానికి మనిషి లేక సముద్రపు కాకులతో తగవులు పెట్టుకునేవాడు, తాడుకు కథలు చెప్పేవాడు, ఉడికే అన్నాన్ని "ఏమ్మా, అయిందా" అని అడిగేవాడు. పోలమను పెళ్ళాడి ఏడాది కూడా కాలేదు. ఇంకొక్క రోజు గడిస్తే వంతు తీరి ఇంటికి పోతాడు.

పొద్దు బారెడు ఎక్కిన వేళ తూర్పు వైపు ఎనభై ఓడలు కనబడ్డాయి. ముందు వాటి స్తంభాల మీద మొసలి బొమ్మ ఉన్న నల్లజెండాలున్నాయి. మైలారు చూస్తూ ఉండగానే అవి సర్రున కిందికి దిగాయి. వాటి చోట పసుపుపచ్చ జెండాలు లేచాయి. నల్లజెండా మకరద్వీపానిది. ఆ ద్వీపం చుట్టుపక్కల రాజ్యాలన్నిటితోనూ పదేళ్ళుగా పోరాడుతోంది. పసుపుజెండా మల్లికాపురానిది. ఆ ఊరు ముత్యాలసీమకు ఇరుగు, చుట్టరికం, పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధం.

మైలారు పరుగెత్తి కొమ్ముకు నోరు ఆనించాడు. రొమ్ము నిండా గాలి పీల్చాడు. సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది, ఓడలు నిద్రపోతున్నాయని.

ఊదరా నాయనా అని మనం ఇక్కడినుంచి ఎంత మొత్తుకుంటే ఏం లాభం? అతడి తాత ఓడల నిద్ర చెడగొట్టలేదు, తండ్రి చెడగొట్టలేదు. ఒకవేళ తన కళ్ళే మోసం చేస్తే? తానొక్కడు ఊదిన కొమ్ము వల్ల ఏడాది పొడుగునా జాలరుల శవాలు ఒడ్డుకు కొట్టుకొస్తే? మైలారు కొమ్ము వదిలి పడవలోకి దూకాడు. రేవుకు పోయి అధికారి చెవిలో మెల్లగా చెప్పి వద్దామనుకున్నాడు. తెడ్డు వేస్తున్నా ఓడలు మేలుకుంటాయేమోనని నెమ్మదిగా వేశాడు. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సగం దూరం పోయేసరికి వెనకనుంచి ఎనభై ఓడలూ దూసుకొచ్చాయి. ముందున్న ఓడ అతడి పడవను రెండు ముక్కలు చేసి పోయింది. మైలారు మునిగి, తేలి, పగిలిన పలక ఒకటి పట్టుకుని ఈదసాగాడు. అతడి తల మీదుగా నిప్పుకుండలు ఎగిరి ఇసుక మీద పడుతున్నాయి. నూనె పట్టించిన ఓడలు భగ్గుమంటున్నాయి.

ఆ రోజు మైలారు చూసినవాటిలో చచ్చేదాకా మరచిపోలేనిది మంట కాదు. నిప్పు కురుస్తుంటే కూడా ఓడకోట జనం ఎవరూ అరవలేదు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. చీర అంటుకున్న ఆడమనిషి కూడా పళ్ళు బిగబట్టి ఇసుకలో దొర్లింది. పుట్టిన దగ్గరనుంచి నేర్చుకున్న మౌనం అంత తొందరగా వదలదు. మొదటి కేక లేచేసరికి అరవై ఓడలు బూడిదయ్యాయి, మిగతావన్నీ అంటుకున్నాయి.

అప్పుడు శత్రువుల నౌకల్లోనుంచి ఒక బక్కపలచటి మనిషి దిగాడు. మెడలో ఎముకల దండ, చంకలో మట్టికుండ. మకరద్వీపంలో తల్లులు ఏడ్చే బిడ్డల్ని ఎవరి పేరు చెప్పి ఊరుకోబెడతారో, ఆ ఘటశ్రవుడు వీడే. ఓడకోటలో వాడి మొగం ఎరిగినవాళ్ళు లేరు. ఓడకోటలో ఓడను కట్టిన వడ్రంగి పేరు ఓడ ముక్కు మీద చెక్కడం ఆనవాయితీ. మాంత్రికుడు కాలుతున్న ఓడల మధ్య తీరిగ్గా నడుస్తూ, ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి, కుండ మూతి దగ్గర నోరు పెట్టి పిలిచాడు. "కాటనా" అన్నాడు. గుంపులో పరుగెత్తుతున్న ముసలి కాటన ఎవరోనని తిరిగి చూశాడు. చూసిన మరుక్షణం అతడి కళ్ళల్లో వెలుగు పోయింది. కాడికి కట్టిన ఎద్దులా నడిచి పోయి శత్రువుల ఓడ ఎక్కాడు. అలా నలభైమందిని పిలిచాడు, నలభైమందీ తిరిగి చూశారు. ముత్యాలసీమలో ఓడ కట్టడం తెలిసినవాళ్ళు మొత్తం ఆ నలభైమందే.

వచ్చినవాళ్ళు వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒక పసుపుజెండాను ఇసుకలో పాతిపెట్టి పోయారు.

మూడోనాడు వసుకీర్తి మహారాజు రాజధాని నుంచి వచ్చాడు. ఆయన ఇరవై రెండేళ్ళుగా కత్తి దూయని రాజు. చుట్టూ ఎన్ని యుద్ధాలు జరిగినా, ఎందరు దూతలు వచ్చి కాళ్ళావేళ్ళా పడినా, మా పిల్లలు మాకున్నారు, మీ తగవు మీరు తీర్చుకోండని పంపేసేవాడు. అలాంటి మనిషి బూడిదకుప్పల మధ్య నడిచాడు. వరసగా పడుకోబెట్టిన రెండువేల శవాలను చూశాడు. మొలలోని కత్తి తీసి ఒర విరిచి సముద్రంలోకి విసిరాడు. ఇక ఈ కత్తి తిరిగి ఒరలోకి పోదని దాని అర్థం. ముత్యాలసీమ యుద్ధంలో దిగింది.

ఎవరి మీద అంటే, ఇంకెవరి మీద, పసుపుజెండా వాళ్ళ మీదే. డెబ్భైవేల దండు మల్లికాపురం వైపు కదలడానికి సిద్ధమైంది. కుర్రకారు కత్తులు నూరుకుంటున్నారు. మల్లికాపురం నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళను అత్తలు ఇళ్ళల్లోంచి గెంటేస్తున్నారు.

మైలారు ఈ మూడు రోజులూ శవాలు మోస్తూ ఉన్నాడు. ఒంటిరాయి మీది కావలివాడు నిద్రపోయాడో చచ్చాడో అని జనం అనుకోవడం విన్నాడు. వంతు ఎవరిదో తెలిసిన అధికారి శవాల్లో ఉన్నాడు, పడవ బద్దలై కొట్టుకొచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు కనుక అతడినెవరూ అనుమానించలేదు. నోరు మూసుకుంటే తన గుట్టు తనతోనే పోతుంది. నోరు మూసుకుంటే మల్లికాపురం కూడా తగలబడుతుంది. దండు కదిలే బూర ఊదబోతుండగా అతడు గుంపును తోసుకుంటూ పోయి రాజుగారి ఏనుగుకు అడ్డం పడుకున్నాడు.

"ఏలినవారు మల్లికాపురం మీదికి పోవద్దు," అన్నాడు. "వచ్చింది మకరద్వీపం వాళ్ళు. నల్లజెండా దించి పసుపుజెండా ఎక్కించడం నేను చూశాను."

"ఎక్కడినుంచి చూశావు?"

"ఒంటిరాయి మీదినుంచి, దేవరా. వాళ్ళు రేవు చేరడానికి రెండు ఘడియల ముందు."

రెండు ఘడియల్లో సగం ఓడల్ని నీళ్ళలోకి దించవచ్చు, పిల్లల్నీ ఆడవాళ్ళనీ కోటలోకి చేర్చవచ్చు. ఆ లెక్క అక్కడున్న ప్రతివాడి మనసులోనూ నడిచింది.

"మరి కొమ్ము ఎందుకు ఊదలేదు?"

"ఓడలు నిద్రపోతున్నాయి, దేవరా."

ఎవరూ నవ్వలేదు. ఆ చోట తాముంటే తామూ అదే పని చేసేవాళ్ళమని అందరికీ తెలుసు. తెలిసినందువల్ల వాళ్ళ కోపం ఇంకా పెరిగింది. వెనకనుంచి ఎవరో రాయి విసిరితే మైలారు నుదురు చిట్లింది.

రాజు ఏనుగు దిగి, అందరినీ దూరంగా పొమ్మని, అతడి పక్కన ఇసుకలో కూర్చున్నాడు. కావలి తప్పినవాడికి ఆ రాజ్యంలో ఒకటే శిక్ష, పేరు వెలి. వాడి పేరు ఎవరూ పలకరు. వాడితో ఎవరూ మాట్లాడరు, వాడు మాట్లాడితే ఎవరూ జవాబు చెప్పరు. నుదుట బూడిద గీత పెట్టి వదిలేస్తారు. ఆ శిక్ష చెప్పాక రాజు కూడా అతడితో మాట్లాడకూడదు. అందుకని చెప్పవలసినదంతా ముందే చెప్పాడు. మల్లికాపురం జోలికి పోననీ, రెండు రాజ్యాలవాళ్ళం కలిసే మకరద్వీపం మీదికి పోతామనీ అన్నాడు. కాని పోవడానికి ఓడలు లేవు, ఓడలు కట్టేవాళ్ళు లేరు. ఒకప్పుడు దూతలు చెప్పినదాన్ని బట్టి, నలభైమంది వడ్రంగులూ మకరద్వీపపు ఘటశ్రవుడి కుండకు కట్టుబడి ఉన్నారు. కుండ పగిలితే వాళ్ళకు తెలివి వస్తుంది. పగలగొట్టడానికి వీరుల్ని పంపుదామంటే ఒక చిక్కుంది.

"వాడు పేరు పెట్టి పిలిచినప్పుడు తిరిగి చూసినవాడు వాడికి బానిస," అన్నాడు రాజు. "మన వీరులందరికీ పేర్లున్నాయి నాయనా. ఇప్పటినుంచి నీకు లేదు. పేరు లేనివాణ్ణి వాడేమని పిలుస్తాడు? నలభైమందినీ తీసుకురా. వాళ్ళు రేవులో అడుగుపెట్టిన రోజున నీ పేరు నీకు నేనే, అందరి ఎదుటా, పెద్దగా పిలిచి ఇస్తాను."

తర్వాత లేచి శిక్ష చదివి, వేలితో బూడిద తీసి అతడి నుదుట గీసి, మొగం తిప్పుకున్నాడు. మనం ఆ రాజాజ్ఞకు లోబడినవాళ్ళం కాదు కనుక మైలారనే పిలుద్దాం.

బయల్దేరే ముందు అతడు ఇంటికి పోయాడు. పోలమ గడపలో నిలబడి ఉంది. ఆ సీమలో ఆడవాళ్ళు భర్తను పేరు పెట్టి పిలవరు. పోలమ అతణ్ణి "ఇదిగో" అని పిలిచేది. ఆ "ఇదిగో"లో ఉన్నన్ని రకాలు సంగీతంలో కూడా లేవని మైలారు స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మాట అనడానికి కూడా లేదు. ఆమె అతడి వైపు చూసింది, పెదవులు కదిలాయి, కొంగు నోట్లో కుక్కుకుంది. అటుకులూ బెల్లం మూటకట్టి గడప మీద పెట్టి లోపలికి పోయి తలుపు వేసింది. తలుపవతల ఆమె ఏడుస్తుంటే మైలారు కాసేపు తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, తర్వాత మూట తీసుకుని నడిచాడు.

ఆరు రోజులు తీరం వెంబడి నడిచాడు. నుదుట గీత చూసి దారిలోని పల్లెలు తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు అడిగితే ఒక ముసలమ్మ చెంబు నేల మీద పెట్టి వెనక్కి తిరిగి నిలబడింది. మొసళ్ళ ఏరు దాటించే పడవవాడు అతడిని చూడనట్టే తాడు విప్పుకుని పోయాడు. మైలారు కొమ్మ మీదినుంచి కొమ్మ మీదికి ఊగుతూ దాటబోతే చిట్టచివరి కొమ్మ విరిగి, మొసలి వీపు మీద పడి, అది నోరు తెరిచేలోగా దాని తల మీదుగా అవతలి గట్టుకు దూకాడు. ఇలాంటిది జరిగితే మామూలు రోజుల్లో ఏడాది పాటు చెప్పుకుని తిరిగేవాడు. గట్టు మీద కూర్చుని చెప్పబోయి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. కాకులతో తగవు పెట్టుకునే ఓపిక కూడా అతడికి పోయింది.

రాజ్యం చివరి కొన దగ్గర నాలుగు దుంగలు కట్టి తెప్ప చేసుకుని సముద్రంలో దిగాడు. మొదటి రోజు సుడిగుండం తెప్పను గిరగిరా తిప్పి తిప్పి ఒక దుంగ మింగి వదిలింది. రెండోరోజు తాటిచెట్టంత సముద్రసర్పం తెప్ప చుట్టూ చుట్టుకుంది. మైలారు తెడ్డు విరిచి దాని కంట్లో గుచ్చి, అది విదిలించిన విసురుకు ఆమడ దూరంలో పడి, ఈదుకుంటూ వచ్చి మళ్ళీ తెప్ప ఎక్కాడు. మూడో మధ్యాహ్నం మకరద్వీపం కనబడింది. నల్లరాతి కొండలు, కొండల నడుమ పచ్చల గనుల మెరుపు, రేవు పొడుగునా మొసలి నోళ్ళలా తెరిచిన బురుజులు, బురుజుల కింద కొత్తగా లేస్తున్న ఓడల అస్థిపంజరాలు. అంత అందమైన భయంకరమైన ఊరు మరొకటి లేదు.

మైలారు ఉప్పునీళ్ళతో నుదుటి గీత కడుక్కున్నాడు. మొగానికి బొగ్గు పూసుకుని, ఒడ్డున పడి ఉన్న కట్టెలు మోపు కట్టి నెత్తిన పెట్టుకుని, కూలీల వరసలో కలిసి ఓడలు కట్టే ఆవరణలోకి నడిచాడు. కావలివాళ్ళు కట్టెల మోపును చూశారు కాని మొగాన్ని చూడలేదు.

లోపల వంటశాల దగ్గర లావుపాటి వంటవాడు గంజి కాస్తున్నాడు. మైలారు మోపు దించగానే తేరిపార చూసి, "ఎవరబ్బీ నువ్వు? మొగం చూస్తే తిన్నట్టు లేదే. కూర్చో ఇలా," అన్నాడు.

మైలారు పొయ్యి పక్కన కూలబడ్డాడు. తొమ్మిది రోజుల తర్వాత ఒక మనిషి అతడితో మాట్లాడాడు. ఆ మనిషి శత్రువు. తన ఊరిని తగలబెట్టినవాళ్ళకు అన్నం వండేవాడు. గంజి ముంత చేతిలోకి తీసుకునేసరికి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. పొగండీ అన్నాడు. వంటవాడు ఇంకో గరిటె పోసి, ఇక్కడ పొగ ఎవరికైనా కొత్తే, రెండు రోజుల్లో అలవాటైపోతుందని ఓదార్చాడు. మైలారుకు అక్కడే కూర్చుని ఆ మనిషి చెప్పే సొదంతా సాయంత్రం దాకా వినాలనిపించింది. చాలా కష్టం మీద లేచాడు.

వంటశాల వెనక నలభైమంది వడ్రంగులూ వరసగా కూర్చుని మకరద్వీపానికి ఓడలు చెక్కుతున్నారు. కాటన ముందునుంచి మైలారు నడిచి పోయాడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన కాటన అతడి వైపు చూశాడు, గోడను చూసినట్టు చూసి మళ్ళీ బాడిసె ఎత్తాడు. ఆవరణ నడుమ ఎత్తైన రాతి అరుగు, అరుగు మీద ముక్కాలిపీట, పీట మీద మట్టికుండ. చుట్టూ కాపలా లేదు. దాన్ని తాకే ధైర్యం ఎవరికుంటుందిలే అని ఘటశ్రవుడి ధీమా.

మైలారు మళ్ళీ కట్టెల మోపు ఎత్తుకుని అరుగు వైపు నడిచాడు. ఇరవై అడుగులు. పదిహేను. మోపులోనుంచి లావుపాటి దుంగ ఒకటి చేతిలోకి జార్చుకున్నాడు.

"ముప్పనా," అని వెనకనుంచి ఎవరో మెల్లగా పిలిచారు.

ఘటశ్రవుడు. మాంత్రికుడు పిచ్చివాడు కాదు. ఓడకోటలో మిగిలిన మగవాళ్ళ పేర్లన్నీ బందీల నోట రాబట్టి వల్లె వేసుకున్నాడు. ఆవరణలోకి వచ్చిన ప్రతి కొత్తవాడి వెనకా నడుస్తూ ఆ పేర్లు వరసగా పిలుస్తాడు. కుండ చేరువలో ఉంటే చాలు, దాని మూతి దగ్గర నోరు పెట్టనక్కర్లేదు. రాజు ఇచ్చిన శిక్ష సంగతి బందీలకు తెలియదు కదా. వాళ్ళ లెక్కలో మైలారు ఇంకా మైలారే.

"బొల్లనా," అన్నాడు మాంత్రికుడు. పది అడుగులు. "గొంకా. దాసనా. ఎరపోతా." ఏడు అడుగులు. "మైలారూ."

ఆ పేరు ఎంత బాగుందో మైలారుకు ఇన్నాళ్ళూ తెలియదు. పళ్ళు బిగించాడు, ఇంకో అడుగు వేశాడు. నలభైమందీ తెలివి తెచ్చుకుని రేవులో దిగే రోజున రాజుగారు అందరి ఎదుటా పిలుస్తారు, అప్పుడు చూద్దువుగాని అని తనకు తాను చెప్పుకున్నాడు. నాలుగు అడుగులు. మూడు. దుంగ పైకెత్తాడు. ఒక్క దెబ్బ.

నడుస్తున్నవాడి మెడలో ఏదో కదలడం ఘటశ్రవుడు కనిపెట్టాడు. ఆగి, గొంతు సవరించుకుని, కాటన దగ్గరినుంచి రాబట్టిన ఇంకో గొంతు తెచ్చుకున్నాడు.

"మైలారూ," అని పిలిచింది పోలమ. "వచ్చావా? అన్నం చల్లారిపోతోంది."

పోలమ ఏనాడూ తనను పేరు పెట్టి పిలవలేదనీ, అది పోలమ కాదనీ మైలారుకు తెలుసు. తెలిసే వెనక్కి తిరిగాడు.